గంట విప్పకుండా ఇచ్చిన కొండ

తమ్మీ,

తాష్కెంట్‌లో పాకిస్తాన్‌తో ఒప్పందమైంది. నువ్వు ప్రాణమిచ్చి గెలిచిన కొండను వాళ్లకే తిరిగి ఇచ్చేస్తారట. నిన్న మన ఎంపీ తాండూరు వచ్చాడంటే బషీరాబాద్‌లో రైలెక్కి పోయి కలిశాను.

"ఇచ్చుడు తప్పంటవా?" అని అడిగాడు.

"తప్పనను సారూ. పక్కూరి గొర్రె మా మందల కలిస్తే మేం గూడ ఇచ్చేస్తం. కాకపోతే దాని మెడల మేం కట్టిన గంటను విప్పుకొని ఇస్తం. మా తమ్ముడు ఆ కొండ మీదనే ఉండిపోయిండు" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఇంటికొచ్చి మందను దొడ్లోకి తోలాను. దొడ్డి వాకిలికి ఒక పక్కన నేను నిలబడ్డాను. నువ్వు నిలబడే రెండో పక్క ఖాళీగా ఉంది, అటు నుంచి గొర్రెలు బయటికి పోయాయి.

మీ అన్న