పూ-ఎర్ టీ మందు కాదు అన్నయ్యా

రిచ్‌మండ్ హిల్, కెనడా

అన్నయ్యకు,

చెల్లెలు కామాక్షి నమస్కారాలు. ఇక్కడ నేనూ మా ఆయనా ఆరోగ్యంగానే ఉన్నాం. అక్కడ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తెలిసింది. నువ్వు బాగున్నావా అని మాత్రం అడగను. బాగాలేవని వదిన చెప్పింది. ఫోనులో నా మాట సగంలో ఉండగానే పెట్టేశావు కనుక కాగితం మీద రాస్తున్నాను. చించేస్తే చించెయ్యి, ఇంకొకటి రాస్తాను.

మార్చి వచ్చినా ఇక్కడ మంచు పోలేదు. బస్ స్టాపులో పది నిమిషాలు నిలబడితే ముక్కు ఉందో లేదో తడుముకోవాలి. మా ఆయన గోడౌన్‌లో పగటి షిఫ్టుకు మారారు. నేను ఆ చైనా వాళ్ళ టీ కొట్లోనే ఉన్నాను. ఆదివారాలే కొంచెం కష్టం. ఆయన పడుకుంటే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ వినపడదు. అయినా బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోవద్దు. వదిన పంపిన గోంగూర పచ్చడి అందింది. సగం అయిపోయింది కూడా.

అసలు సంగతికి వస్తాను. నిరుడు మా వీధిలో వాళ్ళు ఊరికి వస్తుంటే నీకు మా కొట్లో అమ్మే పూ-ఎర్ టీ బిళ్ళలు రెండు పంపాను. అది తాగుతున్నప్పటి నుంచి ఒళ్ళు తేలికపడిందని, షుగరుకు కూడా మంచిదంటారని ఫోనులో అన్నాను. ఆ మాట నాదే, కాదనను. అనకుండా ఉండాల్సింది.

పోయిన వారం వదినకు ఫోను చేసినప్పుడు టీ ఎలా ఉందని అడిగాను. "మీ అన్నయ్య దాన్ని పాలల్లో మరగబెట్టించి, అల్లం దంచి, ఇంత బెల్లం గడ్డ వేయించుకుంటున్నారు అమ్మాయీ. చక్కెరైతే తప్పు గానీ బెల్లం మంచిదేనంట" అంది. నేను నవ్వాను. తర్వాత ఆవిడ మెల్లగా చెప్పింది, దీపావళి నుంచి నువ్వు షుగరు మాత్రలు మానేశావని, బొటనవేలి మీద తగిలిన పార దెబ్బ మూడు వారాలైనా మానలేదని. ఇక నవ్వు రాలేదు.

వెంటనే నీకు చేస్తే ఏమన్నావు? "ఆకులమ్ముకునేదానివి, డాక్టరమ్మవి ఎప్పుడయ్యావే?" అన్నావు. డాక్టరమ్మను కాను. ఆకులు అమ్మేదాన్ని కాబట్టే చెబుతున్నాను.

ఆ టీ ఆకును కుప్పపోసి, నీళ్ళు చల్లి, గోనెలు కప్పి వారాల తరబడి మాగనిస్తారు. మన ఇడ్లీ పిండి పులిసినట్టే అదీ పులుస్తుంది. తర్వాత బిళ్ళలుగా నొక్కి ఏళ్ళకేళ్ళు దాస్తారు. విప్పితే వానకు తడిసిన గడ్డివామి అడుగు వాసన. ఒక ముక్క విరిచి వేడినీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళు పారబోసి, రెండోసారి పోసిన నీళ్ళు తాగుతారు. పాలు లేవు, తీపి లేదు. నూనె వంటకాలు తిన్నాక తాగితే కడుపు తేలిగ్గా ఉంటుందంటారు. నాకూ అలాగే ఉంది. కొవ్వు తగ్గిస్తుందనీ, షుగరుకు పనిచేస్తుందనీ చెప్పేవాళ్ళున్నారు. అందులో చాలావరకు ఎలుకల మీద చూసిన సంగతులట. మనుషుల్లో గట్టిగా తేలింది తక్కువ. బలం ఇచ్చే పదార్థాలు కూడా ఆ నీళ్ళలో పెద్దగా ఉండవు. నిద్ర చెడగొట్టే గుణం మాత్రం ఉంది. వదిన ఐరన్ మాత్రలు వేసుకుంటోంది కదా, భోజనంతో పాటు దీన్ని తాగొద్దని చెప్పు. తిన్న ఇనుము ఒంటికి పట్టనివ్వదు.

మరి నా ఒళ్ళు ఎలా తేలికపడిందంటావు. రోజుకు నాలుగు పాల టీలు, ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర తాగేదాన్ని. వాటి బదులు ఇది తాగాను. చక్కెర మానినందుకు తగ్గాను. ఆ మాట నీకప్పుడే చెప్పాల్సింది. నాకే ఆలస్యంగా తట్టింది.

మా కొట్టు యజమానురాలు మే ఆంటీకి డెబ్బై దాటాయి. ఈ టీ పుట్టిన వైపు ఊరే ఆవిడది, చిన్నప్పటి నుంచీ తాగుతోంది. రోజూ భోజనం కాగానే గల్లాపెట్టె పక్కన మాత్రల డబ్బా తెరిచి, షుగరుకొకటి, బీపీకొకటి మంచినీళ్ళతో మింగుతుంది. ఈ టీ ఉండగా మాత్రలెందుకని ఒకసారి అడిగాను. "టీ నాకిష్టం కాబట్టి తాగుతాను. మాత్ర బతకడానికి" అంది.

నీతో మాట్లాడిన మూడోరోజు హైదరాబాద్ అబ్బాయి ఒకతను వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"ఆంటీ, దీంతో షుగర్ కంట్రోల్ అవుతుందంట కదా, వీడియోలో చూశా. మా డాడీకి పంపిద్దామని" అన్నాడు.

"నాన్నగారు టాబ్లెట్లు ఆపుతారా?" అన్నాను.

"ఆపొచ్చు ఆంటీ. ఇది న్యాచురల్ కదా."

"అయితే నేను అమ్మను బాబూ. మాత్రలు ఆపనని ఆయన చేత అనిపించి రా, అప్పుడిస్తాను."

అతను చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. మే ఆంటీ కొడుకు చూశాడు. వచ్చిన బేరం పోగొట్టావని, ఇంకోసారి ఇలా చేస్తే పని మానుకోవాల్సి ఉంటుందని అన్నాడు. ఇంకోసారైనా ఇలాగే చేస్తానని చెప్పాను. వాళ్ళమ్మ వాళ్ళ భాషలో ఏదో అంది. అతను లోపలికి వెళ్ళాడు. ఈ ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. ముక్కూ మొహం తెలియని ఆ హైదరాబాద్ అబ్బాయి నాన్న కోసం అంత దూరం పోయినదాన్ని, నీ దగ్గర ఊరుకుంటానా?

వచ్చే నెల మా వీధి వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. టీ బిళ్ళలు పంపమని ఆ మధ్య అడిగావు. పంపను. నువ్వు బతిమాలినా, వదిన చేత చెప్పించినా పంపను. ఇంట్లో మిగిలింది ఉంటే పెంట కుప్పలో వేయమని వదినకు చెప్పాను. ఈ వారంలో కందుకూరు వెళ్ళి కాలు చూపించుకో. మాత్రలు మానిన సంగతి డాక్టరు దగ్గర దాచకు. ఎప్పటి నుంచో కూడా చెప్పు. ఆయన మళ్ళీ ఏవి రాస్తే అవి వేసుకో. వదిన తోడు రానన్నా వెంటబెట్టుకుని మరీ వెళ్ళు, నువ్వు ఒక్కడివే వెళితే ఏం చెబుతావో నాకు తెలుసు.

చెల్లెలు ఆజ్ఞలు వేస్తోందని నీకు కోపం వస్తుంది, రానీ. ఏడాది మాట్లాడకు. నా ఫోను ఎత్తకు. మాత్ర వేసుకుని మాట్లాడకుండా ఉండు.

వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. చిన్నత్తకు నా దండాలు చెప్పు. పెద్దవాడివి, మమ్మల్ని దీవించు. కోపంగా ఉన్నా ఆ పని చేయవచ్చు.

ఇట్లు
నీ చెల్లెలు,
కామాక్షి