కంకర దారిలో పాసైన సైకిల్

బాపూ,

నువ్వు పోయాక నాకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. కొండదారుల్లో తొక్కే సైకిళ్లకు వెనక షాక్ అబ్జార్బర్లు చేస్తాం. వాటిలో స్ప్రింగ్ ఉండదు, బరువంతా గాలే మోస్తుంది. ఇవాళ పరీక్షించినదాన్ని బిగించింది నేనే. అందుకే మొదట నేనే తొక్కుతానని పట్టుబట్టాను.

ఇస్నాపూర్‌లో మన షాపులో సీటు కింది స్ప్రింగులు మార్చినప్పుడల్లా, నన్ను ఎక్కించి కంకర మీద తోసుకుంటూ పోయేవాడివి.

"నడుం గుంజుతుందా బిడ్డా?"

నేను లేదన్నాకే ఆ సైకిల్ గిరాకీ చేతికి ఇచ్చేవాడివి.

ఇవాళ గుమ్మడిదల దగ్గర గుట్ట మీంచి దిగే రాళ్ల దారి. అబ్జార్బర్‌లో నా బరువుకు సరిపడా గాలి కొట్టుకుని, సీటు మీంచి లేవకుండా కిందిదాకా దిగాను.

"ఎట్లుందమ్మా?" అన్నాడు మా సార్.

"నడుం గుంజుతలేదు బాపూ" అనేశాను.

ఆయన నవ్వలేదు.

"అయితే ఇగ గిరాకీకి పంపుదాం" అన్నాడు.