ఫోన్‌లోని గడ్డం మనిషి

కొత్తగూడ,
ఆదివారం.

నా ప్రాణమైన శ్రీలతక్కకు,

ఉత్తరం చూసి గాబరా పడకు. మాది ఒకే గది, గోడకు అవతలే పక్కింటి యాదమ్మ. ఈ సంగతి ఫోన్లో చెబితే ఆమె చెవిన పడుతుంది. అందుకే వచ్చిన నాలుగక్షరాల్లో రాస్తున్నాను.

మా ఆయన మీద, అదే నీ మరిది మీద, నాకు అనుమానంగా ఉంది. ఇంకో ఆడది అని కాదు. అదైతే ఏడుస్తూ నీకు ఫోన్ చేసేదాన్నే. ఇరాక్ నుంచి వచ్చాక మాదాపూర్‌లో నౌకరీ దొరికిందన్నాడు. ఏం పనని అడిగితే "ఇంట్ల చెప్పొద్దని సంతకం తీసుకున్నరు" అంటాడు. యాదమ్మ ఊరుకుంటుందా? "పది ఫెయిలైనోనికి ఏసీ ఆఫీసుల నౌకరీ ఏంది పిల్లా? జర కనిపెట్టుకోని ఉండు" అంది.

కనిపెట్టాను. బాత్రూంలో అరబ్బీలో గొణుగుతాడు. ఈ మధ్య అన్నం సగంలోనే వదిలేస్తున్నాడు. మొన్న టీవీలో చెప్పారు, అక్కడెక్కడో ఒక దేశం తన పక్క దేశంలో చేరిన పరాయి సాయుధ ముఠాలను అణచడానికి కొత్త చట్టం తెచ్చిందట. వాళ్లకు సాయం చేసినవాళ్లు ఎక్కడున్నా వదలరట. తుపాకులు పట్టిన గడ్డాల మనుషులను చూపిస్తుంటే ఈయన లేచి టీవీ కట్టేశాడు. స్నానానికి వెళ్లినప్పుడు ఆయన ఫోన్ తీసి చూశాను. అలాంటి గడ్డం మనిషే ఒకడు, నీ మరిది భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు.

ఇంటి ఓనర్ వీరేశం సారు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాలని కిరాయికున్నవాళ్ల ఆధార్ కాపీలు అడుగుతున్నారు. ఈ ఫొటో సంగతి ఆయన చెవిన వేద్దామని మెట్లు దిగి, ఆయన తలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చాను. బావను పంపు అక్కా. పాపను తీసుకుని వచ్చేస్తాను.

నీ చెల్లెలు
రజిత


కొత్తగూడ,
శుక్రవారం.

మా మంచి అక్కకు,

బావను పంపకు. బయలుదేరి ఉంటే దారిలోనే ఆపు.

నేను బట్టలు సర్దుతుంటే ఆయన చూసి "ఎటు పోతున్నవ్?" అన్నాడు. నేను ఆయన ఫోన్లోనే ఆ ఫొటో తీసి ముందు పెట్టాను. చూసి నా పక్కన కూర్చుని అంతా చెప్పాడు.

ఆ మనిషి పేరు హసన్. ఇరాక్‌లో ఇద్దరూ ఒకే బేకరీలో రొట్టెలు కాల్చారు. "ఆయన కూడ నా లెక్కనే పరాయి దేశపోడు. లడాయి మొదలైనప్పుడు నన్ను పిండి బస్తాల నడుమ పండవెట్టి, బండి నడిపి ఊరు దాటించిండు" అన్నాడు. ఆ ఆఫీసు, జనం ఇంటర్నెట్‌లో పెట్టే వీడియోలను వడగట్టే కంపెనీ అట, అరబ్బీ వచ్చని ఈయనకు ఈ పని ఇచ్చారట. టీవీలో చెప్పిన ఆ చట్టం వచ్చాక ముఠాల వీడియోలు చూసి, అందులోని ముఖాలకు గుర్తు పెట్టి పైకి పంపాలి. కిందటి వారం ఒక వీడియోలో హసన్ కనిపించాడు, తుపాకీ పట్టుకుని.

"గుర్తు పెడితే ఆయన పేరు ఆ చట్టం కిందికి వస్తది. పెట్టకుంటే నా మీద పడతరు. నా పాణం కాపాడినోడు రజితా."

నేనెప్పుడూ ఆయనకు ఎదురు మాట్లాడలేదు. భయపడుతూనే అడిగాను.

"ఆ వీడియోల ఆయన ఏం చేస్తున్నడు?"

"బస్సుల నుంచి మనుషుల్ని దించుతున్నడు."

"అండ్ల మీ లెక్క పొట్టకూటికి పోయినోళ్లు ఉన్నరా?"

"అంత నా అసోంటోళ్లే."

"అయితే గుర్తు పెట్టుండ్రి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి గుర్తు పెట్టేశానన్నాడు. నిజమో కాదో చూసే దారి నాకు లేదు. కంచం ముందు కూర్చుని రొట్టె తుంచి, తినలేక ఆ ముక్కను పట్టుకునే ఉన్నాడు. ఆ చెయ్యి చూసి నమ్మాను. ఆధార్ కాపీలు నేనే తీసుకెళ్లి వీరేశం సారుకు ఇచ్చాను. మరో మాట చెప్పలేదు.

మొదటి ఉత్తరం పొయ్యిలో వెయ్యి. ఆ ఫొటో ఇంకా ఆయన ఫోన్లోనే ఉంది. తీసెయ్యమని నేను అనను.

నీ
రజిత