ఆమేన్ అన్నది నేనే

డెల్ఫా అక్కకు,

సర్కారు బడుల డబ్బు ప్రైవేటు బడులకు మళ్లించొద్దని మంగళవారం ఆస్టిన్‌లో చట్టసభ వాళ్ల ముందు మాట్లాడమన్నావు. వస్తానన్నాను. రాలేను. తిట్టే ముందు ఇది చదువు.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా అని అడిగాను. సంఘ పెద్ద స్ట్రౌడ్ లేచాడు. "మన పాస్టరుగారి కోసం ప్రార్థిద్దామండీ. ఆస్టిన్ వెళ్లి మన సంఘం బడి నోటి దగ్గర కూడు తీసేస్తారట. ప్రభువే ఆయన్ని ఆపాలి," అన్నాడు. అందరూ వచ్చి నా తలమీద, భుజాలమీద చేతులుంచారు. మేముండే ఇల్లు కూడా సంఘానిదే కదక్కా, ఆ చేతుల కిందనుంచి ఎలా లేవను? ప్రార్థన ముగియగానే, ఇరవై ఏళ్ల అలవాటు, అందరికంటే గట్టిగా నేనే "ఆమేన్" అన్నాను. దేవుడి ముందు అన్న మాట ఎలా వెనక్కి తీసుకోను?

ఆమేన్ అననిది నీ మరదలు లోరీన్ ఒక్కతే. సర్కారు బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పే మనిషి. ఇంటికొచ్చాక, "మంగళవారం సెలవు పెట్టాను. మీ అక్క పక్కన నీ కుర్చీలో నేను కూర్చుంటాలే," అంది.

వచ్చే ఆదివారం స్ట్రౌడ్ ఆమె కోసం ప్రార్థన పెట్టిస్తాడు. పాస్టరును కాబట్టి, ఆమె తలమీద మొదటి చెయ్యి నేనే వెయ్యాలి.

నీ తమ్ముడు