మగ్గం ఆగని మధ్యాహ్నం

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

ఈ వారంలో మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు. పొద్దున అమ్మతో ఫోన్‌లో బాగానే నవ్వాను, పెట్టేయగానే ఎందుకో ఏడుపొచ్చింది. పది నిమిషాలకే అందరి మీదా కోపం. కింద ఇంటామె ఓబులమ్మక్క మగ్గం టకటకలు నెత్తిన కొడుతున్నట్టుంటే, కాసేపు ఆపమని గట్టిగా చెబుదామనే మెట్లు దిగాను.

ఆమె మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే నా ముఖం చూసింది. "ఏంది పాపా, నిద్ర పోల్యా? ఈడ సాప మీద కూచో," అంది. పోట్లాడడానికి వెళ్లినదాన్ని కూచున్నాను. అప్పుడు పదకొండు. అంతే గుర్తుంది.

లేచేసరికి మూడు దాటింది. మగ్గం ఇంకా ఆడుతోంది. పక్కన ఆమె అన్నం గిన్నె మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

"తినలేదా అక్కా?"

"మగ్గం ఆపితే నువ్వు లేచ్చావని నేస్తానే ఉండా. మా పిల్లోళ్లూ ఉయ్యాల్లో ఇంతే. సప్పుడు ఆగితే లేచి ఏడ్సేవాళ్లు."

నాలుగు గంటలు! ఆ మనిషి గుంటలోంచి కాలు బయట పెట్టలేదు. నేను ఆమెకు ఏమవుతానని? ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. చదువుకోడానికొచ్చిన ఈ ప్రొద్దుటూరులో నాకెవరూ లేరని నిన్న ఈ డైరీలోనే రాసుకున్నాను. ఆ మాట కొట్టేద్దామనుకున్నాను, ధైర్యం చాలలేదు. రేపు మళ్లీ ఎట్లుంటానో...

ఇప్పుడు కింద మగ్గం ఆగింది. తెల్లారి ఎప్పుడు మొదలుపెడుతుందా అని చెవులు అటే ఉన్నాయి.