రువీ బ్రాంచి

12 ఆగస్టు 2013, సోమవారం

మస్కట్ బడిలో పాఠాలు చెప్పిన రోజుల నాటి బ్యాంకు ఖాతాను పన్ను రిటర్నులో చూపలేదు. గడువు పోయిన వారమే దాటింది. తప్పు నాదే. ఆలస్యమైనా చూపించేద్దామన్నాడు ఆడిటరు.

సాయంత్రం ఆ పని మీదే అల్లుడు సుధీర్ వచ్చాడు. ఎప్పుడూ నా పెన్ను జేబులో వేసుకుపోయే మనిషి, ఈరోజు తనే పెన్ను తెచ్చాడు.

“అత్తమ్మా, ఇంకా లేటయితే పరేషాన్. గీ రెండిటి మీద జెర సంతకం పెట్టుండ్రి.”

ఒకటి రిటర్ను. రెండోది తెల్ల కాగితం.

“ఇందులో ఏం రాస్తావు నాయనా?”

“బ్యాంకోళ్లకు లెటర్. ఇంటికి పోయి టైప్ చేయిస్త.”

“చేయించే తీసుకురా. ఖాళీ కాగితాలకు ముప్పై ఏళ్లు సున్నాలు వేసిన చెయ్యి ఇది.”

నవ్వాడు. “మీ ఇష్టం. రువీ బ్రాంచోళ్లు అడుగుతరని చెప్పిన, గంతే.”

రిటర్ను మీద మాత్రం చదివి సంతకం పెట్టాను. రేపు నేనే తీసుకెళ్లి ఆడిటరుకు ఇస్తాను.

అయితే రువీ అన్న ఆ మస్కట్ బ్రాంచి పేరు నేను ఆడిటరుకు కూడా ఇంకా చెప్పలేదు. అది నా బీరువాలోని పాసుబుక్కు మీద తప్ప ఎక్కడా లేదు. బీరువా తాళంచెవి నా మెడలో ఉంది.

రెండో తాళంచెవి మా అమ్మాయి దగ్గర ఉంది.