కోసిన వైర్లు

శుక్రవారం, సాల్మియా, కువైట్.

నా హోం థియేటర్‌కు తక్కువైన స్పీకర్ల జత, పాతదే, ఈరోజు ఖాజా తెచ్చాడు. తను కారు నడిపే ఇంట్లో కొత్తవి కొన్నారట.

"మామానే తీసుకపొమ్మనిందన్నా." ఆ ఇంటి యజమానురాలిని వాడు అలాగే పిలుస్తాడు.

వెనక వైర్లు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి, జానెడు వదిలి కోసేశారు. ఇచ్చేవాళ్లు విప్పి ఇస్తారు. తొందరలో ఉన్నవాడే కోస్తాడు.

"విప్పుకోని రావొచ్చు గదరా?"

"నీకు పాటలు కావాల్నా, పంచాయితీ కావాల్నా?" అని నవ్వాడు.

దొంగసొత్తయితే ఇద్దరి ఇఖామాలూ పోతాయి, ఇక ఈ దేశంలో ఉండనివ్వరు. అయినా మా రాయచోటివాడిని మొహం మీద అడగలేకపోయాను. స్పీకర్లను గోడవైపు తిప్పి పెట్టాను.

ఇందాక ఫోన్ చేశాడు. "సౌండు ఎట్లుందన్నా?"

వైరు చాల్లేదని, ఇంకా కలపలేదని అబద్ధం చెప్పాను.

"మిగతా వైరు వాళ్ల హాల్లోనే ఉంది. రేపు తెస్తాలే."

వద్దనేలోపే పెట్టేశాడు.